వచ్చే డబ్బుకు పిన్ ఎందుకు?

స్కాలర్‌షిప్పులు విడుదలయ్యే రోజుల్లో మన పిల్లలకు కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తుంటాయి. "మీకు ఇరవై వేలు మంజూరైంది. ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, ఆలస్యమైతే వెనక్కి పోతుంది" అంటారు. బెంగళూరులోనో బరంపురంలోనో చదువుకునే కుర్రాడికి ఆ మాట చక్కని తెలుగులో వినిపిస్తే సగం అనుమానం అక్కడే పోతుంది. బయటి రాష్ట్రంలో తెలుగు మాట్లాడినవారంతా మనవాళ్ళే అనుకోవడం మనకు అలవాటు. మంచి అలవాటే గానీ ఫోను దగ్గర పనికిరాదు.

యూపీఐ పిన్ అంటే మన ఖాతాలోని డబ్బు బయటకు పంపడానికి మనం పెట్టే సంతకం లాంటిది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ చెప్పనక్కర్లేదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. మంజూరైన సొమ్ము నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు అన్నారంటే ఫోను పెట్టేయండి. మన ట్రస్టు పేరు చెప్పినా సరే, ఈ బులెటిన్‌లో ఉన్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి.

ఇంతకన్నా ప్రమాదమైనది మరొకటుంది. "నీ ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు వాడుకుంటాను, ఐదు వేలిస్తాను" అని హాస్టల్లో తెలిసినవాళ్ళే అడుగుతారు. ఆ ఖాతాలోకి వచ్చేది మరెవరో మోసపోయి పోగొట్టుకున్న డబ్బు. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వారి ఇంటికే. ఖాతాను స్తంభింపజేస్తే స్కాలర్‌షిప్పూ అందులోనే చిక్కుకుంటుంది.

మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా ఇదే నంబరు. ఆ తర్వాత బ్యాంకుకు తెలపాలి. దొంగ సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంది; దారిలో ఆపాలంటే ఆ మొదటి గంటే ముఖ్యం. నాన్న తిడతారని రెండు రోజులు దాచిపెడితే ఆ గంట కాస్తా పోతుంది. తల్లిదండ్రులు దయచేసి ముందు ఫిర్యాదు చేయించి, కోప్పడడం తర్వాత పెట్టుకోండి.

ఇక ఫోనే పోతే సిమ్ ఆపించి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి, ఆ నకలుతో సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోనును బ్లాక్ చేయించవచ్చు. 2023 మే నుంచి దేశమంతటా ఈ వీలుంది. దానికి ఐఎంఈఐ నంబరు కావాలి. *#06# నొక్కితే కనిపిస్తుంది. ఈ రోజే చూసి ఇంట్లో డైరీలో రాసిపెట్టండి. చాలామంది దాన్ని ఆ ఫోనులోనే భద్రంగా దాచుకుంటున్నారు!