పాప్ స్మియర్ రిపోర్టు మళ్ళీ మళ్ళీ తేడాగా వస్తే? – సంతానం కోసం ఎదురుచూస్తున్న సహోదరీలకు

సంతానం కోసం ఆస్పత్రికి వచ్చే స్త్రీలకు చేసే పరీక్షలలో పాప్ స్మియర్ ఒకటి. కొందరికి రిపోర్టు తేడాగా వస్తుంది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. "క్యాన్సరేమో, ఇక పిల్లలు పుట్టరేమో" అనే దిగులు పట్టుకుంటుంది. ఆ భయంతో కొందరు ఆస్పత్రికి రావటమే మానేస్తారు. మరికొందరు తొందరపడి గర్భసంచి తీయించుకుంటారు. రెండూ నష్టమే. ఈ రెండింటికీ నడుమ ఉన్న సరైన దారిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

రిపోర్టు ఏమి చెబుతుంది?

గర్భాశయ ముఖద్వారం నుండి కొన్ని కణాలను మెత్తగా గీసి తీసి, మైక్రోస్కోపు క్రింద చూడటమే పాప్ స్మియర్. కణాలలో మార్పు ఉన్నదా అని ఇది సూచిస్తుంది. క్యాన్సర్ ఉన్నదని నిర్ధారించదు.

"ఇన్‌ఫ్లమేటరీ" అని వ్రాసి ఉంటే వాపు లక్షణాలు ఉన్నాయని అర్థం. అది క్యాన్సర్‌కు ముందు దశ కాదు. తెల్లబట్ట, దురద వంటివి ఉంటే పరీక్షించి మందులు ఇస్తారు. కణాలలోనే మార్పు ఉన్నదని వ్రాస్తే, దానికి ఎక్కువగా కారణం హెచ్.పి.వి. అనే వైరస్. చాలామందిలో ఈ వైరస్ రెండేళ్ళలోపు దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన వారిలోనే రిపోర్టు మళ్ళీ మళ్ళీ తేడాగా వస్తుంది. అలా నిలిచినా అది క్యాన్సర్‌గా మారటానికి సాధారణంగా పది, పదిహేను సంవత్సరాలు పడుతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవారిలో ఇంకా త్వరగా మారవచ్చు. కనుక ఆందోళన అక్కరలేదు, అశ్రద్ధ పనికిరాదు.

గర్భం రాకపోవటానికి ఇదే కారణమా?

సాధారణంగా కాదు. ముఖద్వారం పైపొరలోని ఈ మార్పులు గర్భధారణను అడ్డగించవు. అయితే సుఖవ్యాధుల వలన కలిగే కొన్ని ఇన్ఫెక్షన్లు గర్భనాళాలు మూసుకుపోయేలా చేయగలవు. అటువంటివి ఉంటే భార్యాభర్తలిద్దరూ చికిత్స తీసుకోవాలి. భర్త వీర్యపరీక్షతో సహా సంతానానికి సంబంధించిన మిగతా పరీక్షలు ఆపనక్కరలేదు.

తరువాతి మెట్టు ఏమిటి?

మార్పు నిలిచి ఉంటే కాల్పోస్కోపీ చేయించుకోవాలి. ఇది ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. దానిని బట్టి మార్పును మూడు మెట్లుగా చెబుతారు.

మొదటి మెట్టు (సి.ఐ.ఎన్. 1): చాలావరకు దానంతటదే తగ్గుతుంది. చెప్పిన సమయానికి పరీక్షకు వస్తూ గర్భం కోసం ప్రయత్నించవచ్చు.

రెండవ మెట్టు: పిల్లలు కావలసిన చిన్నవయస్సు స్త్రీలలో, డాక్టరు సరేనంటే, ఆరు నెలలకొకసారి చూస్తూ ఆగవచ్చు.

మూడవ మెట్టు: గర్భానికి ముందే చికిత్స చేయటం మంచిది. ఆ భాగాన్ని మాత్రమే గడ్డకట్టించి లేక కాల్చి నశింపజేస్తారు, లేదా "లీప్" పద్ధతిలో విద్యుత్ తీగతో తీసివేస్తారు. గర్భసంచి అలాగే ఉంటుంది.

లోతుగా కోసి తీసినవారిలో నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశం కొంత పెరుగుతుంది. అందుచేత "నాకు పిల్లలు కావాలి" అని చికిత్సకు ముందే డాక్టరుకు చెప్పండి. పుండు పూర్తిగా మానేవరకు, అంటే సుమారు మూడు నెలలు, గర్భం రాకుండా చూసుకోండి. ఆరు నెలలకు తిరిగి పరీక్ష తప్పనిసరి. తరువాత గర్భం వస్తే ఈ చికిత్స సంగతి మొదటి చెకప్‌లోనే తెలపండి.

ఈలోగా గర్భం నిలిస్తే?

భయపడవద్దు. గర్భిణికి కూడా కాల్పోస్కోపీ చేయవచ్చు. క్యాన్సర్ అనుమానం లేకపోతే చికిత్సను కాన్పు తర్వాతకు వాయిదా వేస్తారు. ఈ మార్పుల కారణంగానే ఆపరేషన్ కాన్పు అవసరం లేదు. కాన్పయిన ఆరు వారాల తర్వాత మాత్రం తప్పక తిరిగి రండి. బిడ్డ సందడిలో చాలామంది మరచిపోయేది ఇదే.

గర్భసంచి తీయించుకోవాలా?

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 50 ఏళ్ళలోపు స్త్రీలలో గర్భసంచి తొలగింపు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. స్మియర్ తేడాగా ఉన్నదనో, తెల్లబట్ట అవుతున్నదనో మాత్రమే ఎవరైనా గర్భసంచి తీయమంటే, "బయాప్సీ రిపోర్టు ఏది?" అని అడగండి. మరొక డాక్టరు సలహా తీసుకోండి. తీసిన గర్భసంచిని తిరిగి పెట్టలేరు.

కుటుంబానికి ఒక మాట

హెచ్.పి.వి. సంసారజీవితం గల స్త్రీ పురుషులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఎన్నో ఏళ్ళ క్రితం సోకి ఉండవచ్చు. ఎవరినుండి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. కనుక భర్త భార్యను గాని, అత్తగారు కోడలిని గాని నిందించటం తగదు. పన్నెండేళ్ళ రక్తస్రావంతో కృశించి, జనసమూహంలో వెనుకనుండి వచ్చిన స్త్రీని ప్రభువు గద్దించలేదు. కుమార్తెగా పిలిచి సమాధానంతో పంపాడు. మన ఇళ్ళలోని స్త్రీలకు కూడా ఆ ఆదరణే కావాలి.

గుర్తుంచుకోండి

1. పాత రిపోర్టులన్నీ ఒక కవరులో భద్రపరచి ప్రతిసారీ తెండి.
2. స్మియర్‌కు ముందు రెండు రోజులు కలయిక, లోపల పెట్టే మందులు వద్దు. బహిష్టు రోజులలో రావద్దు.
3. కలయిక తర్వాత రక్తం కనబడితే, దుర్వాసనతో నీరు కారితే, తేదీ కోసం ఆగకుండా వెంటనే రండి.
4. ఇంట్లో 9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలుంటే హెచ్.పి.వి. టీకా గురించి డాక్టరును అడగండి.