కెమెరా సెన్సరు – దాని వైశాల్యము

కెమెరా కొనదలచినవారు అంగడిలో మొట్టమొదట నడుగు ప్రశ్న "ఇది యెన్ని మెగాపిక్సెళ్లది?" అని. ఆ సంఖ్య హెచ్చినకొలది బొమ్మ బాగుగ వచ్చునని పెక్కుమంది నమ్మకము. ఇది కొంతమట్టుకే నిజము. "దీని సెన్సరు వైశాల్యమెంత?" అనియు నడుగవలెను. ఏల యడుగవలెనో సంగ్రహముగ దెలిపెదను.

సెన్సరనగా నేమి? పూర్వము ఫిల్మున్న చోట నిప్పటి కెమెరాలలో సిలికాను పలక యొకటి యుండును. దానిపై లక్షలకొలది సూక్ష్మమైన గడులు కలవు. పది లక్షల గడులు ఒక మెగాపిక్సెలు. కటకము గుండ వచ్చిన వెలుతురు గడిలో బడగానే ఎలక్ట్రానులు విడివడును. వానిని గొలిచి యంత్రము బొమ్మను గూర్చును. ఇట్టి పలకలలో సి.సి.డి. యనుదానిని 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డు బాయిల్, జార్జి స్మిత్ అనువారు కల్పించిరి. అందులకు వారు 2009లో నోబెల్ బహుమానమున భాగమందిరి.

సెన్సరులన్నియు నొక్క కొలతవి కావు. "ఫుల్ ఫ్రేము" అనునది 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గలది, వైశాల్యము 864 చదరపు మి.మీ. చిన్న జేబు కెమెరాలలో పెక్కింటి సెన్సరు 6.17 మి.మీ. పొడవు, 4.55 మి.మీ. వెడల్పు మాత్రమే, వైశాల్యము సుమారు 28. మొదటిది రెండవదానికి దాదాపు 31 రెట్లు! పేర్లనుబట్టి మోసపోరాదు. "ఒక అంగుళము" సెన్సరు పొడవు 13.2 మి.మీ. మాత్రమే. ఆ పేరు పూర్వపు టెలివిజను కెమెరా గొట్టముల వెలుపలి కొలతనుండి వచ్చినది.

ఇక వైశాల్యమువలన లాభమేమి? వాన కురియునపుడు ముంగిట నొక గంగాళమును, ఒక గిన్నెను ఉంచుడు. వాన రెంటిపైనను సమానమే. అయినను గంగాళములోనే యెక్కువ నీరు చేరును. అట్లే యొకే దృశ్యమును, ఒకే ఎఫ్-సంఖ్యతో, ఒకే కాలపరిమితితో దీసినపుడు పెద్ద సెన్సరు ఎక్కువ వెలుతురును గ్రహించును.

తొలకరి చినుకులలో సమానమైన గిన్నెలను వరుసగ నుంచినచో నొకదానిలో ఎనిమిది, వేరొకదానిలో పండ్రెండు చినుకులు పడవచ్చును. వెలుతురు కణములును ఇట్లే పడును. సగటున 100 కణములు చేరిన గడులలో హెచ్చుతగ్గు సుమారు 10, అనగా నూటికి 10. 10,000 చేరినచో 100, అనగా నూటికి 1 మాత్రమే. మసక వెలుతురులోని ఫోటోలపై ఇసుక చల్లినట్లు కానవచ్చు మచ్చలకు ముఖ్యకారణ మీ హెచ్చుతగ్గులే.

మరియొక సంగతి. 360 మి.మీ. పొడవైన పటము అచ్చొత్తుటకు ఫుల్ ఫ్రేము బొమ్మను 10 రెట్లు పెంచిన చాలును. చిన్నదానిని 58 రెట్లు పెంచవలెను. కటకము వేసిన బొమ్మలోని మసకయు నన్నిరెట్లు పెరుగును.

మరి మెగాపిక్సెళ్లు? ఎకరము పొలమును నూరు మళ్లుగ విభజించినంత మాత్రమున పంట నూరురెట్లు కాదు. పలక పెరుగక గడులు మాత్రమే పెరిగినచో వెలుతురు పెరుగదు.

పెద్ద సెన్సరునకు ఇబ్బందులును గలవు. దానికి దగిన కటకము బరువు, వెలయు నెక్కువ. అదే ఎఫ్-సంఖ్యతో దీసినచో లోతున స్పష్టత తగ్గును. మూడు వరుసలుగ నిలిచిన తరగతి ఫోటోలో వెనుకవరుస మసకబారవచ్చును. మంచి యెండలో చిన్న సెన్సరును చక్కని బొమ్మ నిచ్చును. నేటి ఫోనులు కొన్ని బొమ్మలను వెంటవెంటనే దీసి, యొకటిగ గలిపి లోపమును కొంత దీర్చుకొనును.

కావున తలిదండ్రులారా, సంఖ్యను జూచి సొమ్ము వ్యయపరుపకుడు. కొనబోవు కెమెరాతో ఇంటిలోపల, సాయంకాలపు వెలుతురున నొక ముఖమును దీసి, పెద్దదిగ జేసి చూడుడు. ఫోను మాత్రమే యున్నవారు అవ్వను, తాతను కిటికీ దగ్గరకు దెచ్చి కూర్చుండబెట్టి తీయుడు. చిన్న గిన్నె గలవాడు వాన బాగుగ గురియుచోట దానిని బెట్టవలెను గదా!