గండికోటకు క్యాంపర్ వ్యాన్: ముందు బ్యాటరీ లెక్క, తర్వాతే బండి

ఫోన్ కొనేటప్పుడు ఎంఏహెచ్ చూస్తాం కదా, క్యాంపర్ వ్యాన్‌కి చూడాల్సింది వాట్ అవర్లు. ఈ సంగతి నాకు గండికోటలో తెలిసొచ్చింది.

ఎర్రగుంట్ల నుంచి జమ్మలమడుగు మీదుగా అద్దె వ్యాన్‌లో వెళ్లాం. తెల్లవారకముందే ఫ్యాన్, ఫ్రిజ్ రెండూ ఆగిపోయాయి. బ్యాటరీ 12 వోల్టులు, 100 ఏహెచ్. అంటే 1,200 వాట్ అవర్లు. కానీ అది లెడ్ యాసిడ్. సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది కాబట్టి అక్కడే కట్ఆఫ్ పెట్టారు. చేతికొచ్చింది 600 మాత్రమే.

10 గంటల్లో మా వాడకం (వాట్ అవర్లలో):
• ఫ్యాన్, 30 వాట్లు: 300
• ఫ్రిజ్, 45 వాట్లు, సగం సేపు: 225
• ల్యాప్‌టాప్, 2 ఫోన్ల చార్జింగ్: 120

మొత్తం 645. ఇందులో లైట్లు కలపలేదు!

ఏం తీసుకోవాలి?
100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 ఉంటాయి. 80 శాతం వాడుకున్నా 1,000 దాటుతుంది. ఏసీ మీద మాత్రం ఆశ వద్దు. 1,000 వాట్లు లాగేదైతే గంటకే ఖాళీ. మన సీమ ఎండలకు బండిని నీడలో ఆపడం, ఎదురెదురు కిటికీలు, మంచి ఫ్యాన్ ముఖ్యం.

నడిపేటప్పుడు
100 లీటర్ల నీళ్లంటే 100 కిలోలు. ట్యాంక్ కిందే ఉండాలి, పైన పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది. బండి ఎత్తు డాష్‌బోర్డ్ మీద రాసిపెట్టుకోండి, రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు పనికొస్తుంది. సొంత వ్యాన్‌ని మార్పించాలంటే ముందే ఆర్టీవో అనుమతి తీసుకోండి.

నా సలహా ఒక్కటే: కొనే ముందు ఒక రాత్రి అద్దెకు తీసుకుని, మీ వాడకం రాసుకోండి. ఆ అంకెను బట్టే బ్యాటరీ, ఆ తర్వాతే బండి.