కంపైలర్ తిప్పి పంపిన బాట్

చదరంగం ఆడేటప్పుడు ప్రతి ఎత్తూ మీరే వేస్తారు. అలా కాక, "ఈ పరిస్థితి వస్తే ఈ ఎత్తు వేయి, ఆ పరిస్థితి వస్తే ఆ ఎత్తు వేయి" అని ముందుగానే అంతా రాసిచ్చి మీరు పక్కన కూర్చున్నారనుకోండి. మీ బదులు కంప్యూటరు ఆడుతుంది. ఇలా మన బదులు ఆడే ప్రోగ్రామునే 'బాట్' అంటారు. రోబోట్ అన్న మాటకు ఇది పొట్టి రూపం.

బాట్లకు పోటీలు కూడా ఉన్నాయి. 2010లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ క్లబ్బు, గూగుల్ సంస్థ సాయంతో, 'ప్లానెట్ వార్స్' అనే పోటీ నడిపింది. ఆటలో కొన్ని గ్రహాలు, వాటి మీద నౌకలు ఉంటాయి. ఏ గ్రహం నుంచి ఏ గ్రహానికి ఎన్ని నౌకలు పంపాలో ప్రతి వంతులోనూ బాట్ ఒక్క సెకనులోగా చెప్పాలి. ఇలా 200 వంతుల దాకా ఆట సాగుతుంది. ప్రపంచం నలుమూలల నుంచి 4600కు పైగా బాట్లు వచ్చాయి. హంగరీకి చెందిన గాబోర్ మెలిస్ రాసిన బాట్ గెలిచింది. అది ఏ కొత్త భాషలోనో రాసింది కాదు, 1958 నాటి లిస్ప్ కుటుంబానికి చెందిన భాషలో రాసినది.

ఈ పోటీలో ఒక మెలిక ఉంది. పోటీదారు తన ప్రోగ్రామును మూటగట్టి పంపుతాడు. దాన్ని కంపైల్ చేసేది పోటీవారి కంప్యూటరు. అక్కడ కంపైల్ కాకపోతే ఆ బాట్ ఒక్క ఆట కూడా ఆడదు. నెలరోజులు కూర్చుని ఆలోచించిన ఎత్తుగడ ఒక్క చుక్క దగ్గర ఆగిపోతుందన్నమాట.

కంపైలర్ ఏం చేస్తుంది?

కంప్యూటరు యంత్రానికి తెలిసినవి సున్నాలూ ఒకట్లే. మనం రాసే సీ, సీ ప్లస్ ప్లస్, జావా వంటి భాషలను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే ప్రోగ్రామే కంపైలర్. అమెరికాకు చెందిన గ్రేస్ హాపర్ 1952లో ఏ-జీరో అనే తొలి కంపైలరును తయారు చేసింది. 1957లో జాన్ బాకస్ బృందం ఐబీఎం సంస్థలో ఫోర్ట్రాన్ కంపైలరును తెచ్చింది.

కంపైలర్ మూడు మెట్లలో తప్పులు వెతుకుతుంది. మొదట అక్షరాలను పదాలుగా విడదీస్తుంది. తరువాత పదాల వరుస వ్యాకరణానికి సరిపోయిందా అని చూస్తుంది. ఆ తరువాత అర్థం పొసిగిందా అని చూస్తుంది. చివరకు 'లింకర్' అనే మరో ప్రోగ్రాము వేరువేరు ముక్కలను ఒకటిగా అతుకుతుంది. తప్పు ఏ మెట్టు మీద దొరికిందో తెలిస్తే సగం పని అయినట్లే.

పత్తికొండ నుంచి గుత్తి వెళ్ళే దారిలో ఉన్న ఎర్రగుడి అశోకుని శాసనాలను మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడి ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. అయినా పండితులు చదవగలిగారు. మనిషి ఊహించుకుంటాడు, సర్దుకుంటాడు. కంపైలర్ అలా సర్దుకోదు. "ఇతను చెప్పదలచుకున్నది ఇదేమోలే" అని ముందుకు పోదు. అందువల్లనే అది నమ్మదగిన యంత్రం.

ఎర్ర వరుసలు చూసి బెదరకండి

కంపైలర్ తప్పులను ఇంగ్లీషులో చూపిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "నాకు ఇంగ్లీషు రాదు, కాబట్టి ప్రోగ్రాములూ రావు" అనుకుంటారు. ఇది పొరపాటు. కంపైలర్ మాటిమాటికీ వాడే వాక్యాలు పదో పన్నెండో ఉంటాయి, అంతే. వాటిని ఒక నోటు పుస్తకంలో రాసుకుని, ఎదురుగా తెలుగు అర్థం రాసుకుంటే వారం రోజుల్లో కంఠతా వస్తాయి.

ప్రతి సందేశంలోనూ మూడు అంశాలుంటాయి: ఫైలు పేరు, వరుస సంఖ్య, తప్పు ఏమిటో చెప్పే మాట. మొదట వరుస సంఖ్యను చూడండి. అయితే దాన్ని గుడ్డిగా నమ్మకండి. ఈ రెండు వరుసలు చూడండి (ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాను, కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలతో రాయాలి):

1. ఇంట్ నావలు = 12
2. ఇంట్ శత్రువు = 7;

మొదటి వరుస చివర ';' లేదు. కాని కొన్ని కంపైలర్లు తప్పును రెండవ వరుసలో చూపిస్తాయి. ఎందుకు? వాక్యం తరువాతి వరుసలో కూడా కొనసాగవచ్చు కదా! రెండవ వరుసలో 'ఇంట్' అన్న మాట ఎదురయ్యాకనే కంపైలరుకు అనుమానం వస్తుంది. కాబట్టి చూపిన వరుసలో తప్పు కనిపించకపోతే దాని పై వరుసను చూడండి.

మరో సూత్రం: మొదటి తప్పునే మొదట దిద్దండి. చొక్కా వేసుకునేటప్పుడు మొదటి గుండీ తప్పు కాజాలో పెడితే కింది గుండీలన్నీ తప్పుతాయి. అలాగే ఒక్క '}' మరిచిపోతే ముప్పై తప్పులు కనిపించవచ్చు. మొదటిది దిద్ది మళ్ళీ కంపైల్ చేయండి. మిగతావి చాలావరకు వాటంతట అవే పోతాయి.

తరచు వచ్చే చిక్కులు

'ఈ పేరు ప్రకటించలేదు' అంటే, మీరు వాడిన పేరు కంపైలరుకు తెలియదని అర్థం. అక్షరదోషం ఉండవచ్చు, లేదా పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా కావచ్చు. మన తెలుగు లిపిలో ఈ భేదం లేదు కాబట్టి మనం దీన్ని సులభంగా మరిచిపోతాం. కంపైలరుకు మాత్రం పెద్ద 'ఎన్', చిన్న 'ఎన్' రెండూ వేరువేరు అక్షరాలు.

'రకాలు పొసగలేదు' అంటే, అంకె ఉండవలసిన చోట పదం పెట్టారని. జొన్నలు కొలిచే పడితో గుడ్డను కొలవలేం కదా!

'నిర్వచనం దొరకలేదు' అని లింకర్ అంటే, ఒక ఉపక్రమం పేరు వాడారు గాని దాని అసలు ముక్క ఉన్న ఫైలును జతచేయలేదని. మూటలో అన్ని ఫైళ్ళూ ఉన్నాయో లేదో చూడండి.

ఇంట్లో ఆడింది, పోటీలో ఆడలేదు

దీనికి కారణాలు ముఖ్యంగా నాలుగు.

ఒకటి, ఫైలు పేరు. ప్లానెట్ వార్స్‌లో ముఖ్యమైన ఫైలు పేరు 'మైబాట్' అనే ఉండాలని నియమం. జావాలో అయితే ఫైలు పేరూ, అందులోని పబ్లిక్ క్లాసు పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. విండోస్ యంత్రం ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి తేడాను మామూలుగా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. మీ ఇంట్లో విండోస్, పోటీవారి దగ్గర లినక్స్ ఉంటే చిక్కు వచ్చినట్లే.

రెండు, మూట కట్టిన తీరు. ఫైళ్ళను నేరుగా మూటగట్టక, వాటి అరనే మూటగడితే లోపల ఇంకో అర ఉంటుంది. పోటీ యంత్రం పై అరలో వెతికి, ఫైలు లేదని తిప్పి పంపుతుంది.

మూడు, కంపైలర్ వయసు. సీ ప్లస్ ప్లస్ భాషకు 2011లో కొత్త ప్రమాణం వచ్చింది. అందులోని కొత్త సదుపాయాలు పాత కంపైలరుకు తెలియవు. పోటీ నియమాలలో ఇచ్చిన కంపైలర్ పేరు, సంఖ్య చూసి, ఇంట్లో కూడా అదే వాడండి.

నాలుగు, బయటి గ్రంథాలయాలు. మీ యంత్రంలో ఉన్న ప్రత్యేక గ్రంథాలయం పోటీవారి యంత్రంలో ఉంటుందని నమ్మకం లేదు.

వీటన్నిటికీ ఒక మందుంది. పోటీవారు ఇచ్చే నమూనా బాట్‌ను ఏమీ మార్చకుండా మొదటి రోజే పంపండి. అది కంపైల్ అయితే దారి బాగున్నట్లే. ఆ తరువాత కొద్దికొద్దిగా మార్చుతూ, ప్రతిసారీ కంపైల్ చేస్తూ పోండి. నిన్న ఆడి ఈరోజు ఆడకపోతే, తప్పు ఈరోజు మార్చిన పది వరుసల్లోనే ఉంటుంది. మూడు వందల వరుసలు వెతకనక్కరలేదు.

కంపైలరుకు చిక్కని తప్పులు

'సమానమా?' అని అడగడానికి '==' రాయాలి. పొరపాటున '=' రాస్తే 'సమానం చేయి' అని అర్థం. సీ భాషలో రెండూ వ్యాకరణరీత్యా సరైనవే. కంపైలర్ ఊరుకుంటుంది, మహా అయితే హెచ్చరిక ఇస్తుంది. బాట్ మాత్రం ఓడిపోతుంది. అందుచేత హెచ్చరికలను కూడా చదవండి. కంపైల్ కావడం ఆటస్థలంలోకి ప్రవేశం మాత్రమే, గెలుపు కాదు.

మీరే చేసి చూడండి

మీ పాఠశాలలో కంప్యూటరు గంట వారానికి ఒక్కటే ఉండవచ్చు. పరవాలేదు. ప్రోగ్రామును ముందు కాగితం మీద రాయండి. స్నేహితునితో మార్చుకోండి. మీరు కంపైలర్, అతడు ప్రోగ్రామరు. ఒక్కొక్క అక్షరమే చదువుతూ, ఏమీ ఊహించుకోకుండా తప్పులు పట్టండి. లాబులోకి వెళ్ళేసరికి సగం తప్పులు పోయి ఉంటాయి.

కింది ముక్కతో మొదలుపెట్టండి. 'పంపు' అనే ఉపక్రమం వేరేచోట రాసి ఉందనుకోండి. ఈ నాలుగు వరుసల తరువాత ముఖ్య ఉపక్రమాన్ని మూసే '}' ఒక్కటే ఉందనుకోండి. ఎన్ని తప్పులున్నాయి? కంపైలర్ ఏ వరుసలో చూపుతుంది?

1. ఇంట్ గ్రహాలు = 23;
2. ఇంట్ నావలు = 40
3. ఇఫ్ (నావలు > 20) {
4. పంపు(గ్రహలు);

జవాబు: మూడు. రెండవ వరుస చివర ';' లేదు, దీన్ని మూడవ వరుసలో చూపవచ్చు. నాలుగవ వరుసలో 'గ్రహాలు'కు బదులు 'గ్రహలు' ఉంది, దీన్ని అక్కడే చూపుతుంది. 'ఇఫ్'ను మూసే '}' లేదు, దీన్ని ఫైలు చివర చూపుతుంది.