‘లేదు’ కాదు, ‘దొరకలేదు’

చిరంజీవి బుజ్జికి,

మందుల కంపెనీ పరిశోధన విభాగంలో లైబ్రేరియన్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమో! లైబ్రరీకి గది కూడా లేదు, ఒక కంప్యూటరూ కుర్చీ ఇచ్చారంతే అని దిగులు పడ్డావట. వద్దు తల్లీ.

హైదరాబాద్‌లో నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రసాయన పరిశోధనల సారాంశాలిచ్చే కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్ సంపుటాలు గోడ పొడవునా ఉండేవి. సైంటిస్టులు మా దగ్గరికే వచ్చేవాళ్లు. కంప్యూటర్లోనే వెతికే సైఫైండర్ లాంటివి వచ్చాక ఎవరి బల్ల దగ్గర వాళ్లే వెతుక్కోసాగారు. 2010 నుంచి ఆ సంపుటాల అచ్చు కూడా ఆగిపోయింది. వాళ్లు రావడం తగ్గాక నేనే ల్యాబుకు వెళ్లడం మొదలుపెట్టాను. నువ్వూ వెళ్లు. ప్రాజెక్టు మీటింగులో ఓ మూల కూర్చుని విను. ‘ఈ పేపరు తెప్పించండి’ అన్న మనిషికి నిజంగా కావలసింది, తన రియాక్షన్‌లో ఈల్డ్ ఎందుకు పడిపోతోందన్న దానికి జవాబు కావచ్చు. అది అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

మన దేశంలో ఒకప్పుడు మందుల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చేవారు. 2005 జనవరి 1 నుంచి మందుకే ఇస్తున్నారు. దాంతో మనం చెప్పే మాటకు బరువు పెరిగింది. ఆ బరువు నాకు ఒక తప్పు చేశాకే తెలిసింది. ఓ కెమిస్ట్ తన అణువుకు పేటెంటు ఉందా అని అడిగితే, పేరుతో వెతికి ‘లేదు’ అనేశాను. అతను నాలుగు నెలలు పనిచేశాక, అది ఒక పేటెంటులోని మార్కుష్ క్లెయిములో ఉందని తేలింది. అలాంటి క్లెయిములో ప్రతి అణువునూ పేరు పెట్టి రాయరు. ఒక నిర్మాణం గీసి, ఫలానా చోట వీటిలో ఏదైనా ఉండొచ్చంటారు. ఒక్క బొమ్మ కింద వేల అణువులు ఒదుగుతాయి. నిర్మాణం గీసి వెతికితే తప్ప పట్టుబడవు. అతను నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ‘లేదు’ అనకు, ‘దొరకలేదు’ అను. పేటెంటు దరఖాస్తు మామూలుగా 18 నెలల దాకా బయటికి రాదు. ఎక్కడ వెతికావో, ఏ మాటలతో, ఏ తేదీ వరకో ప్రతి నివేదికలో రాయి. పేర్లతో పాటు, ప్రతి రసాయనానికీ ఇచ్చే సీఏఎస్ నంబరుతోనూ వెతుకు. ఆస్పిరిన్‌కు ఎన్ని పేర్లున్నా 50-78-2 అన్న నంబరు ఒక్కటే.

ఇప్పుడు ఏఐ వచ్చింది. వాడుకో. కానీ కంపెనీ అనుమతించని చోట అణువు నిర్మాణం పెట్టకు, ఇంకా పేటెంటుకు దాఖలు చేయనిదైతే అది అందరి కష్టం. లేని పేపర్లకూ ఏఐ పేర్లు కల్పిస్తుంది. ప్రతి పేపరూ తెరిచి చదివి, దాన్ని ఉపసంహరించలేదని చూసుకున్నాకే పంపు.

రంగనాథన్ గారు 1931లో రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి కాలాన్ని ఆదా చేయమంటుంది. పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం ఆ కెమిస్ట్ పోగొట్టుకున్న నాలుగు నెలల వల్ల.

సంక్రాంతికి రా. మీటింగులో నీ కుర్చీ ఆ మూల నుంచి ఎంత ముందుకు జరిగిందో చెబుదువుగాని.

ఇట్లు,
నీ పెద్దమ్మ