పత్తి కట్టె – వంటింటి పొగ
పత్తి తీతలు ముగిసిన పిదప కట్టెను పీకి వంటచెరకుగా ఇంటివద్ద కుప్ప వేయడం మన పల్లెల్లో పరిపాటి. మిగిలిన కాయలలో గులాబీ రంగు పురుగు దాగి ఉంటుంది కనుక ఈ కుప్పలను తొలగించమని విస్తరణ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. పొగ మాట అరుదుగా వస్తుంది. కట్టె సరిగా ఆరకపోతే మంట వేడిమిలో కొంత నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయి, దహనం అసంపూర్ణమవుతుంది. కార్బన్ మోనాక్సైడ్, 2.5 మైక్రాన్ల లోపు సూక్ష్మ కణాలు అధికంగా వెలువడతాయి. వాటిని ముందుగా పీల్చేది వంట చేసే స్త్రీ, ఆమె చంకలోని బిడ్డ. 2016లో మొదలైన ఉజ్వల పథకం కింద గ్యాసు కనెక్షన్ వచ్చినా పలు ఇళ్ళలో కట్టెల పొయ్యి ఆరలేదు. కట్టెకు ఖర్చు లేదు, సిలిండరుకు రొక్కం కావాలి. అందుచేత కట్టెను శ్రెడ్డరుతో ముక్కలు చేసి నేలలో కలపమనే ముందు ఆ ఇంటి వంటచెరకు లెక్క కూడా అడగాలి. కట్టె పోయి గ్యాసు అందకపోతే పొయ్యిలోకి తుమ్మ కంపో, పిడకలో చేరతాయి.