పడవలో ఇంజను, షాఫ్టు – లాభనష్టములు

కొత్త పడవ కట్టించదలచిన మత్స్యకార సోదరులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. ఇంజనును పడవ లోపల బిగించి షాఫ్టు ద్వారా పంకా త్రిప్పించుట మేలా, వెనుక తగిలించు ఇంజను మేలా? జవాబు చెప్పుటకు ముందు మీ పడవ రాత్రి ఎక్కడ నిలుచునో తెలియవలెను.

షాఫ్టు పడవకు పంకా అడుగున ఉండును. కాకినాడ, విశాఖపట్నములవలె హార్బరు ఉన్నచోట దీనితో చిక్కు లేదు. కాని శ్రీకాకుళం జిల్లాలోని అనేక గ్రామములందువలె కెరటములు దాటి పడవను ఇసుకమీదికి ఎక్కించు చోట మొదట నేలకు తగులునది పంకాయే. రెక్క వంగును, షాఫ్టు వంగును, ఒక్కొక్కప్పుడు గొట్టము కదలి నీరు లోపలికి వచ్చును. ఆహార వ్యవసాయ సంస్థ వారు 1979లో మద్రాసు కేంద్రముగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమమున ఈ చిక్కునకే షాఫ్టు, పంకా పైకి లేచు అమరిక గల తీర పడవలను తయారుచేసిరి. అట్టి అమరిక లేనిదే ఇసుక రేవున షాఫ్టు పడవకై అప్పు చేయవద్దని నా సలహా.

హార్బరు ఉన్నచో లాభములు గట్టివి. డీజిలు పెట్రోలువలె తేలికగా అంటుకొనదు. చేసిన పనికి ఖర్చగు నూనెయు తక్కువ. గేరుపెట్టెతో వేగము తగ్గించి పెద్ద పంకాను నెమ్మదిగా త్రిప్పవచ్చును గనుక వల లాగుటకు బలము చాలును. బరువు అడుగున ఉండుటచే పడవ నిలకడగా ఉండును. అయితే ఇంజను గది చేపలు, మంచు పెట్టుకొను చోటును తినివేయును. పంకాకు వల చుట్టుకొన్నచో నీటిలో మునిగి కోయవలసినదే. ఇంజను పూర్తిగా ఆపిన పిమ్మటనే మనిషిని దింపవలెను.

ఎక్కువ చిక్కులు బిగింపు వలననే వచ్చును. కాడి కుదరని ఎద్దుకు మెడ పుండగునట్లే, ఇంజను, షాఫ్టు ఒకే వరుసలో లేనిచో పడవ అదురును, బేరింగులు అరుగును. గట్టున సరిచూచినది చాలదు. నీటిలో దిగిన పడవ కట్టు కొంచెము మారును. ఒకటి రెండు రోజులు నీటిలో ఉంచి, కప్లింగు బోల్టులు విప్పి, రెండు బిళ్ళల నడుమ సందును పైన, క్రింద, ఇరుప్రక్కల ఫీలర్ గేజితో కొలిపించుడు. 100 మిల్లీమీటర్ల బిళ్ళకు తేడా 0.1 మిల్లీమీటరు మించరాదు.

షాఫ్టు తిరుగునప్పుడు గ్లాండు నుండి నిమిషమునకు రెండు మూడు చుక్కలు కారుట మంచిదే. ఆ నీరే ప్యాకింగును చల్లబరచును. చుక్కయు పడరాదని బిగించినచో ప్యాకింగు కాలి షాఫ్టుపై గాట్లు పడును. ఆపిన తరువాత కూడ కారుచున్నచో రెండు నట్లనూ సమముగా, కొద్దికొద్దిగా బిగింపుడు. అప్పటికీ ఆగనిచో ఆ రాత్రి పడవను ఒంటరిగా విడిచి ఇంటికి పోరాదు. తెల్లవారునాటికి ఇంజను నీట మునుగును.

షాఫ్టుకు బిగించిన జింకు ముక్కను సగము అరిగినప్పుడే మార్చవలెను. అది పూర్తిగా పోయినచో ఉప్పునీరు పంకాను తినుట మొదలిడును.